నాలుగు చుట్లు తక్కువ

విడవలూరు సెంటర్లో, ఐసు ఫ్యాక్టరీ గోడవార
మోటార్లు చుట్టే షాపు మాది.
మాది అంటే దస్తగిరి మేస్త్రిది.
నాది ఒక స్టూలు,
పెదాల మీద అంకెలు.

రాగితీగ వేళ్ళ మధ్య జారతా ఉంటే
ఒకటీ రెండూ అనుకుంటా పోవాల.
లెక్క నడిమధ్యలో పలకరించినోళ్ళకి
మేస్త్రి టీ కూడా చెప్పడు.

ఆరోజు ఎవరు పలకరించారో గుర్తు లేదు.
ఫోను మోగిందో, రేకుల మీద వాన పడిందో,
నలభై ఆరు పడాల్సిన చోట
నలభై రెండు చుట్లు పడినాయి.
స్లాటులో సర్దితే నిండుగానే కనిపించింది.
వార్నిష్ పోసి, ఆరబెట్టి, దారంతో ముడేసి
స్విచ్చి వేస్తే తిరిగింది కూడా.
తప్పు కూడా తిరుగుద్ది,
కొన్ని రాత్రులు.

మూడో రాత్రి రెండు గంటలకి
మాలకొండయ్య చెరువులో ఆ మోటారు కాలి
దాంతోపాటు ఫ్యూజూ పోయి
నాలుగు ఏరియేటర్లూ ఒక్కసారి నిలబడ్డాయి.
తెల్లారేసరికి వెనామీ రొయ్య
గట్టు పొడుగునా అంచుకొచ్చి ఉండాది,
గాలి కోసం,
చేత్తో తీసుకునేంత దగ్గరగా.

మేస్త్రి మోటారు విప్పి
మాడిన తీగ ఒక్కోటీ గోరుతో లేపి లెక్కబెట్టినాడు.
తిట్టలా.
"చుట్లు తక్కువైతే అయస్కాంతం తగ్గాల గదా?"
నేనే అడిగినా, తప్పించుకునే దారి అడిగినట్టు.

"కరెంటోళ్ళు పంపే ఓల్టేజీ తగ్గిందా?
మైపాడు ఒడ్డున అలివి వల లాగేటప్పుడు
నలుగురు రాకపోతే వల బరువు తగ్గుద్దా?
వచ్చినోళ్ళ భుజాల మీద పడుద్ది.
ఇదీ అంతే.
మిగిలిన ఒక్కో చుట్టూ ఎక్కువ అభివాహం మోయాల."

సుద్దముక్కతో నేల మీద
స్టేటర్ పళ్ళు గీసినాడు, సన్నగా, పక్కపక్కన.
"రొట్టెల పండగ నాడు చెరువు గట్టున ఉన్న జనమే
గేటు కాడా దూరాల.
జనం మొత్తం అభివాహం.
గేటులో జానెడు చోటుకి ఎంతమందో, అది సాంద్రత.
ఈ ఇనప పళ్ళ వెడల్పు ఫ్యాక్టరీలోనే కొట్టేసినారు వెంగమ్మా,
నువ్వు జనాన్ని పెంచినావు.
ఇనుములో పలుకులన్నీ ఒకే దిక్కు తిరిగినాక
ఇంక తిప్పడానికి తల మిగలదు.
ఆపైన లాక్కునే కరెంటంతా వేడే."

ప్రవాహం లాంటి పేరు పెట్టుకున్నారు గానీ
అందులో ఏదీ పారదంట.
నీళ్ళు కాదు, నిప్పు కాదు, చేతికి తగలదు.
ఒక లెక్క, అంతే.
లెక్క తప్పితే మాత్రం రొయ్యలకి తెలుస్తుంది.

స్టేటరుకీ రోటారుకీ మధ్య
పోస్టుకార్డు మందం గాలి సందు ఉంటది.
ఇనుములో మూరెడు దారికి పెద్ద కష్టం లేదు,
అయస్కాంతం పుట్టించే కరెంటులో చానా భాగం
ఆ కాస్త గాలి దాటడానికే పోతుంది.
ఇదీ మేస్త్రి చెప్పిందే, అప్పుడు బుర్రకెక్కలా.

తొమ్మిదో రోజు మాలకొండయ్య వచ్చినాడు,
మోపెడ్ మీద ఇంకో మోటారు కట్టుకోని.
గడపకి అవతల ఆయన, ఇవతల నేను.
బైట లారీలు పోతా ఉన్నాయి.
పైకం సంగతి ఎత్తలా, పంట సంగతి ఎత్తలా.
మోటారు దించి, లోపలికొచ్చి
ఖాళీ వార్నిష్ డబ్బా బోర్లించుకోని కూర్చున్నాడు.
"చుట్టు. ఈడే ఉంటా."

పైకి వినపడేటట్టు లెక్కబెట్టినా.
ముప్పై దాకా ఆయన రోడ్డు చూస్తా ఉన్నాడు.
నలభై.
నలభై ఒకటి.
నలభై రెండు అనగానే తలెత్తినాడు.

తీగ బిగబట్టి
నలభై మూడు అన్నా.